ఒక ధ్రువపత్రం, ఒక ఖాళీ కుర్చీ

ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం తొలి విడతలో ఒక పెద్ద కంపెనీకి వెళ్లిన మా బస్తీ పట్టభద్రుడు పన్నెండు నెలల తరువాత ధ్రువపత్రంతో తిరిగివచ్చాడు. నెలకు 5,000 రూపాయలు. అందులో కంపెనీ వాటా 500, మిగిలిన 4,500 ప్రజల సొమ్ము! పరాయి నగరంలో అతని పేరు వినగానే గది లేదన్నవారే అధికం. చేరినప్పుడిచ్చిన 6,000 అడ్వాన్సుకు, నెలభృతి అద్దెకు పోగా, తిండికి అబ్బా కుట్టుమిషనే ఆధారమైంది. పని నేర్వలేదని మేము అనము. ఆ విభాగపు లెక్కల పట్టికలన్నీ అతడే తయారుచేశాడు. గడువు తీరగానే ఆ కుర్చీలో మరొక ఇంటర్న్. 2024 బడ్జెట్టులో అయిదేళ్లలో కోటి మందికి అవకాశమన్నారే గాని, ఉద్యోగమనలేదు. చదువులలో, సర్కారు కొలువులలో ఉన్న మన బి.సి.-ఇ 4 శాతం కోటా కంపెనీ గడప తొక్కదు. కనుక భృతిని నగరపు అద్దెలకు తగినట్లు పెంచాలనీ, ఏ కంపెనీ ఎందరు ముస్లిం యువతను తీసుకున్నదో, ఎందరిని నిలుపుకున్నదో ఏటా ప్రకటించాలనీ మేము కోరుతున్నాము.