గని బాధితుల సొమ్ము గూడేలకే చెందాలి

గనుల వల్ల నష్టపోయినవారి కోసం పుట్టిన జిల్లా ఖనిజ నిధిని ఎక్కడ ఖర్చు చేయాలో కేంద్రం కిలోమీటర్ల లెక్కన తేల్చేసింది. 2024 జనవరిలో సవరించిన ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ్ యోజన మార్గదర్శకాల ప్రకారం గనికి 15 కిలోమీటర్ల వ్యాసార్ధంలో ఉన్నదంతా ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతమే. నిధుల్లో కనీసం 70 శాతం అక్కడే వెచ్చించాలట. వినడానికి ఇది న్యాయంగానే ఉంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పటం ముందేసుకుని చూస్తేనే ఇందులోని అన్యాయం తెలుస్తుంది.

కొత్తగూడెం బొగ్గు గనుల చుట్టూ ఆ 15 కిలోమీటర్ల గీత గీస్తే పట్టణమంతా అందులోకి వస్తుంది. పాల్వంచ దారిలోని జిల్లా కలెక్టరేట్ కూడా వస్తుంది. మట్టిగుట్ట పక్కన బతుకుతున్న కోయ కుటుంబమూ, కలెక్టరేట్ చుట్టుపక్కల కాలనీలూ సమానంగా నష్టపోయాయని చెప్పడం పచ్చి అబద్ధం.

నష్టం దూరాన్ని బట్టి అందరికీ సమంగా పడదు. ఓపెన్‌కాస్ట్ గని లోతుకు దిగేకొద్దీ అందులో ఊరే నీటిని మోటార్లు పెట్టి తోడిపోస్తారు. పక్క ఊళ్లో బావి అడుగంటుతుంది. గనిలో బాంబు పేల్చినప్పుడల్లా ఇంటి గోడ అదురుతుంది, బీటలు వారుతుంది. తవ్విన మట్టిని గుట్టలుగా పోస్తే ఇప్పపువ్వు ఏరుకున్న చోటు, తునికాకు కోసిన చోటు దాని కింద పూడిపోతాయి. మణుగూరు, టేకులపల్లి మండలాల గిరిజనానికి ఇది కొత్త కథ కాదు. పట్టణం సంగతి వేరు. బొగ్గుతోనే దానికి క్వార్టర్లు వచ్చాయి, ఆసుపత్రి వచ్చింది, బజారు పెరిగింది. గని వల్ల బాగుపడ్డవారినీ చితికిపోయినవారినీ ఒకే జాబితాలో చేరిస్తే గెలిచేదెవరో వేరే చెప్పాలా? కాంట్రాక్టర్లూ కౌన్సిలర్లూ ఉన్నచోటికే పనులు పోతాయి. వరదలో కొట్టుకుపోయినవాడికీ గట్టు మీద తడిసినవాడికీ సాయం సమానంగా పంచడం సమన్యాయం కాదు.

అసలు ఈ సొమ్ము ఎవరిది? 2015లో గనుల చట్టంలో చేర్చిన 9బి సెక్షన్ ఈ నిధిని లాభాపేక్ష లేని ట్రస్టుగా నిర్వచించింది. గనుల వల్ల ప్రభావితులైన వ్యక్తులు, ప్రాంతాల మేలు కోసమే అది పనిచేయాలని చెప్పింది. చట్టం వ్యక్తుల పేరెత్తింది, మార్గదర్శకాలు వాళ్లను కిలోమీటర్ల చాటున దాచేశాయి. బొగ్గుపై రాయల్టీ 14 శాతం. పాత లీజులైతే అందులో 30 శాతం ఈ ట్రస్టుకు కట్టాలి. అంటే వంద రూపాయల బొగ్గుకు 4 రూపాయల 20 పైసలు. గని తవ్వేవారు కడతారు, కలెక్టర్ అధ్యక్షతన పాలకమండలి ఖర్చు పెడుతుంది. ఈ భాగస్వామ్యంలో భూమినీ నీళ్లనూ పోగొట్టుకున్నవారే మూలధనం పెట్టినవారు. వారికి ఇచ్చేది దానం కాదు, బాకీ.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. గతంలో వ్యాసార్ధాన్ని రాష్ట్రాలు తమ ఇష్టం వచ్చినట్టు నిర్ణయించేవి, ఇప్పుడు దేశమంతటికీ ఒకే కొలత వచ్చింది. పట్టణ ఆసుపత్రికి గూడెం రోగులూ వస్తారు. ఈ రెండు మాటలూ నిజమే. అయితే గూడెం బావిలో నీళ్లు లేనప్పుడు పట్టణంలో డివైడర్లకు, సెంట్రల్ లైటింగ్‌కు ఈ నిధి నుంచి పైసా వెళ్లినా అది దారి మళ్లింపే.

షెడ్యూల్డ్ ప్రాంత గ్రామాల్లో ప్రతి ప్రణాళికకూ గ్రామసభ ఆమోదం ఉండాలని, ఏటా చేసిన పనుల నివేదికను గ్రామసభకు అందించాలని ఈ పథకం నిబంధనలే చెబుతున్నాయి. ఆ నిబంధనను అక్షరాలా అమలు చేయాలి. 15 కిలోమీటర్ల గీతను నిధి దాటకూడని హద్దుగానే చూడాలి తప్ప బాధితుల జాబితాగా కాదు. భూమి పోయినవారు, నీళ్లు పోయినవారు, ఇళ్లు బీటలు వారినవారు ఎవరో ఊరూరా పేర్లతో రాసి పంచాయతీ గోడకు అంటించాలి. వారికి మంచినీళ్లు, వైద్యం, చదువు, ఉపాధి అందాకే మిగతా పనుల మాటెత్తాలి. షెడ్యూల్డ్ గ్రామాల్లో గ్రామసభ తీర్మానం లేకుండా మంజూరైన ప్రతి పనినీ కలెక్టర్ నిలిపివేయాలి.