పని ఉంది, పనిమంతుడేడీ?

"నేర్పినంత కాలం ఉంటాడు, పని చేతికి రాగానే వెళ్లిపోతాడు." ఆత్మకూరు బజారులో ఏ మెకానిక్ షెడ్డు యజమానిని కదిపినా, ఏ టైలర్ మాస్టరును అడిగినా వినిపించే మాట ఇదే. దేశంలో పెద్ద కంపెనీల వారి గోడు కూడా ఇదే. ఒక వంక మన పిల్లలు పట్టాలు చేతబట్టుకుని తిరుగుతున్నారు. మరో వంక పని తెలిసినవారు దొరకడం లేదని యజమానులు వాపోతున్నారు. ఈ చిక్కుముడి ఎక్కడ పడిందో తెలుసుకోవడానికి ఢిల్లీ దాకా పోనక్కరలేదు. ఉదయగిరి దాకా వెళితే చాలు.

ఉదయగిరిలో కొన్ని ముస్లిం కుటుంబాలు తరతరాలుగా కొయ్యతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు తయారు చేస్తున్నాయి. దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి వంటి కర్రను ఎంచి, చెక్కి, ఆకురాయితో నునుపు చేసి, కాడ మీద సన్నని నగిషీ తీర్చుతారు. ఆడవారు కూడా ఈ పనిలో చేయి వేస్తారు. ఇది పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. ఉస్తాద్ పక్కన ఏళ్ల తరబడి కూర్చుంటేనే అబ్బుతుంది. 2015లో ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. అయితే ఆ గుర్తింపు పేరును కాపాడగలదు గాని, పనిచేసే చేతిని నిలపలేదు.

పిల్లలకు శ్రద్ధ లేదని పెద్దలు నిందిస్తుంటారు. ఇది న్యాయమేనా? నేర్చుకునే ఏళ్లలో చేతికి పైసా రాదు. నేర్చుకున్నాక కూడా వస్తువు అమ్ముడైతేనే కూలి. చెన్నై, బెంగుళూరు, గల్ఫ్ దేశాలలో నెల తిరిగేసరికి జీతం వస్తుంది. ఇంట్లో పెళ్లికెదిగిన చెల్లెలున్న యువకుడు దేనిని ఎంచుకుంటాడు? అతడు వెళ్లడం ద్రోహం కాదు, లెక్క.

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం నేర్చుకునేవారికి స్టైపెండ్ ఇవ్వాలంటుంది. కాని 30 మంది, అంతకు పైబడి పనివారున్న సంస్థలకే అది తప్పనిసరి. ఇంటి వసారాలో సాగే పనికి ఆ నీడ లేదు. 2023లో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో వడ్రంగం ఉంది. రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం ఉన్నాయి. మేలే. అయితే దాని ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు. ఏళ్లు పట్టే విద్యకు వారం రోజుల భృతి ఏ మూలకు?

కనుక మనం చేయవలసినది మనమే చేయాలి. షాగిర్దుకు మొదటి నెల నుంచే ఎంతో కొంత జీతం ముట్టజెప్పాలి. అది ఎప్పుడెప్పుడు ఎంత పెరుగుతుందో ముందే కాగితం మీద రాసుకోవాలి. స్తోమత గలవారు ఊరికి ఒకరిద్దరు పిల్లల శిక్షణ ఖర్చు భరించాలి. పెళ్లిళ్లలో స్టీలు సామాను పంచే మనం ఉదయగిరి గరిటెలు పంచితే తప్పేముంది? గల్ఫ్ నుంచి తిరిగి వచ్చిన వెల్డరు, ఎలక్ట్రీషియన్ చేతిలోని విద్యను ఊరి పిల్లలకు అందేలా చూడాలి.

హజ్రత్ జకరియా (అలైహిస్సలాం) వడ్రంగి పని చేసేవారని మన పెద్దలు చెబుతారు. చేతిపనిని గౌరవించడం మనకు కొత్త కాదు. అయితే గౌరవం ఒక్కటే పొయ్యి వెలిగించదు. పనికి తగిన కూలి దక్కిన చోట పనిమంతుడు నిలుస్తాడు. దక్కని చోట ఎన్ని ఉపన్యాసాలిచ్చినా బస్సెక్కుతాడు.