మగవాళ్లకీ కావాలి... ఈస్ట్రోజెన్!

ఈస్ట్రోజెన్ అనగానే 'అది ఆడవాళ్ల హార్మోన్ కదా' అనేస్తాం. మగవాళ్ల రక్తపరీక్ష రిపోర్టులో ఆ పేరు కనిపిస్తే చాలు, కంగారు. జిమ్‌కెళ్లే కుర్రాళ్లు కొందరైతే దాన్ని శత్రువులాగే చూస్తారు. అది ఎంత తగ్గితే అంత మగతనం అని నమ్మి మాత్రలు మింగేవాళ్లూ ఉన్నారు. నిజానికి ఆ హార్మోన్ బాగా పడిపోతే మగవాళ్లకీ ఎముకలు గుల్లబారతాయి. పొట్ట పెరుగుతుంది. కోరిక సన్నగిల్లుతుంది. మరి తగ్గినదాన్ని పెంచటం ఎలా? చిత్రమేమిటంటే, చాలామందికి డాక్టర్లు ఈస్ట్రోజెన్ ఇవ్వరు. టెస్టోస్టిరాన్ ఇస్తారు!

పాలుంటేనే పెరుగు

మగవాళ్ల ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారయ్యేది టెస్టోస్టిరాన్ నుంచే. కొవ్వు, ఎముక, మెదడు... ఇలా చాలాచోట్ల ఆరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది టెస్టోస్టిరాన్‌లో కొద్ది భాగాన్ని ఎస్ట్రడయోల్‌గా మారుస్తుంది. ఈస్ట్రోజెన్లలో ముఖ్యమైనది అదే. పాలుంటేనే కదా పెరుగు! టెస్టోస్టిరాన్ పడిపోతే దాని వెనకే ఈస్ట్రోజెనూ పడిపోతుంది.

ఇది లేకపోతే ఏమవుతుందో 1994లో అమెరికా వైద్యులు ప్రచురించిన ఓ కేసు కళ్లకు కట్టింది. అతనికి 28 ఏళ్లు. ఎత్తు 204 సెంటీమీటర్లు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉంది. కానీ జన్యులోపం వల్ల అతని శరీరం ఈస్ట్రోజెన్‌ని గుర్తించలేదు. దాంతో టీనేజీలో ఆగిపోవాల్సిన ఎముకల ఎదుగుదల ఆగలేదు, ఉన్న ఎముకలేమో గుల్లబారాయి. తర్వాత 1997లో ఇటలీ వైద్యులు ఆరోమటేజ్ లేని మరో వ్యక్తి గురించి రాశారు. అతనికి టెస్టోస్టిరాన్ ఇస్తే ఎముకల్లో మార్పే లేదు. ఎస్ట్రడయోల్ ఇచ్చాకే అవి గట్టిపడ్డాయి. ఇలాంటి కేసులు బహు అరుదు. కానీ మగవాడి ఎముకను కాపాడటంలో ఈస్ట్రోజెన్ పాత్ర ఎంతో వాటివల్లే స్పష్టంగా తెలిసింది.

ఏది ఎవరి పని?

2013లో బోస్టన్ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేశారు. 20 నుంచి 50 ఏళ్ల లోపు ఆరోగ్యవంతులు దాదాపు 400 మందిని ఎంచుకున్నారు. వాళ్ల సొంత హార్మోన్లను మందుతో ఆపి, 16 వారాలపాటు రకరకాల మోతాదుల్లో టెస్టోస్టిరాన్ జెల్ ఇచ్చారు. సగంమందికి మాత్రం అది ఈస్ట్రోజెన్‌గా మారకుండా అనాస్ట్రజోల్ మాత్ర కూడా ఇచ్చారు. ఏం తేలింది? కండ, బలం టెస్టోస్టిరాన్ చలవ. కొవ్వు పెరగటానికి కారణం ఈస్ట్రోజెన్ లోటు. ఇక లైంగిక కోరికకి రెండూ కావాల్సిందే.

జిమ్‌కెళ్లేవాళ్లు 'ఈస్ట్రోజెన్ బ్లాకర్' అంటూ వాడేది ఈ తరహా మాత్రలే. కండల కోసం వేసుకుంటే కీళ్లనొప్పులు, నీరసం మిగిలే ప్రమాదం ఉంది. అలాంటివాళ్లకు కావాల్సింది మరో ఇంజెక్షన్ కాదు. డాక్టరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ మాత్ర మానుకోవటమే.

చికిత్స ఎవరికి?

వృషణాలో, వాటికి ఆదేశాలిచ్చే పిట్యూటరీ గ్రంథో దెబ్బతిన్నప్పుడు రెండు హార్మోన్లూ పడిపోతాయి. పిట్యూటరీలో గడ్డ, గవదబిళ్లలు వృషణాలకు పాకటం లాంటివి కారణాలు. స్థూలకాయుల సంగతి వేరు. వాళ్లలో టెస్టోస్టిరాన్ తగ్గినా, కొవ్వులో ఆరోమటేజ్ ఎక్కువ కాబట్టి ఈస్ట్రోజెన్‌కి సాధారణంగా లోటుండదు. బరువు తగ్గితే టెస్టోస్టిరాన్ దానంతటదే కొంత పెరుగుతుంది.

ఒక్క పరీక్షతో తేల్చేయకూడదు. లక్షణాలుండాలి. పొద్దున్నే పరగడుపున, వేర్వేరు రోజుల్లో కనీసం రెండుసార్లు చేసిన పరీక్షల్లో టెస్టోస్టిరాన్ తక్కువగా రావాలి. అమెరికా యూరాలజిస్టుల సంఘం డెసిలీటరుకి 300 నానోగ్రాములను హద్దుగా తీసుకుంటోంది. మగవాళ్లలో ఎస్ట్రడయోల్ చాలా కొద్దిగా ఉంటుంది కాబట్టి దాన్ని మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతిలో కొలిస్తేనే నమ్మకం.

చికిత్స జెల్ రూపంలోనో ఇంజెక్షన్‌గానో ఉంటుంది. ఆరోమటేజ్ సక్రమంగా ఉన్నవాళ్లలో లోపలికెళ్లిన టెస్టోస్టిరాన్ నుంచి ఈస్ట్రోజెన్ తయారవుతుంది. విడిగా ఇవ్వక్కర్లేదు. కోరిక కొన్ని వారాల్లో మెరుగుపడుతుంది. కండ, కొవ్వుల్లో తేడాకి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఎముకల సాంద్రత మాత్రం నిదానంగా పెరుగుతుంది, ఏడాదీ అంతకుమించీ ఓపిక పట్టాలి.

పిల్లలు కావాలనుకుంటే ఆగండి!

ఇది చాలామందికి తెలియని సంగతి. బయటి నుంచి టెస్టోస్టిరాన్ వస్తుంటే మెదడు 'ఇక చాలు' అనుకుని వృషణాలకు ఆదేశాలు ఆపేస్తుంది. దాంతో వీర్యకణాలు బాగా పడిపోతాయి, కొందరిలో పూర్తిగా ఆగిపోతాయి. మానేశాక మళ్లీ రావటానికి నెలలు పడుతుంది. కొత్తగా పెళ్లైనవాళ్లు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఆ మాట డాక్టరుకి ముందే చెప్పాలి. కారణాన్ని బట్టి హెచ్‌సీజీ లాంటి వేరే మందులున్నాయి.

ప్రొస్టేట్, రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లకూ, ఈమధ్యే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకూ ఈ చికిత్స తగదు. రక్తం చిక్కబడొచ్చు కాబట్టి హెమటోక్రిట్ పరీక్ష మధ్యమధ్యలో చేయించాలి. అది 54 శాతం దాటితే చికిత్స ఆపాలి. గుండెజబ్బు ఉన్న, లేదా ముప్పు ఎక్కువున్న 5,200 మందిపై చేసిన ట్రావర్స్ అధ్యయనం 2023లో వెలువడింది. వాళ్లలో గుండెపోటు, పక్షవాతం పెరగలేదు. గుండె లయ తప్పటం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం కాస్త ఎక్కువగా కనిపించాయి. ఆ అధ్యయనంలోనే టెస్టోస్టిరాన్ వాడినవాళ్లలో ఎముకలు విరగటం ఎక్కువగా ఉందని 2024లో తేలింది. అంటే సాంద్రత పెరిగినంత మాత్రాన ఎముక విరగదన్న భరోసా లేదు. గుల్లబారిన ఎముకలకు విడిగా మందు వాడాల్సిందే.

కాబట్టి నీరసంగా ఉందని స్నేహితుడి ఇంజెక్షన్ పొడిపించుకోవద్దు. సిగ్గుపడి ఇంట్లో దాచుకోనూ వద్దు. ఎండోక్రైనాలజిస్టుని కలవండి. రిపోర్టులో టెస్టోస్టిరాన్ అంకెతో పాటు ఈస్ట్రోజెన్ గురించి కూడా ఓ మాట అడగండి. అదీ మీ హార్మోనే!