పాత చక్రాన్ని పారెయ్యమనకండి



మౌంటెన్ బైకుకి కొత్త ఫోర్కు వేయించుకోబోతే ఢిల్లీ చుట్టుపక్కల చాలాచోట్ల వినిపించే మాట: "పాత చక్రం ఇందులో పట్టదండీ, అదీ కొత్తది కొనాల్సిందే." చాలాసార్లు ఇందులో నిజం సగమే.

పాత బైకుల్లో ముందు హబ్బు వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఇరుసు 9. తరవాత అదే వెడల్పుకి 15 ఇరుసు వచ్చింది. ఇప్పటి 'బూస్ట్' ఫోర్కులకి ఇరుసు అదే 15, వెడల్పు 110. అంటే గొడవంతా ఒక్క సెంటీమీటరుది! హబ్బుకి అటు 5, ఇటు 5 స్పేసర్లు తొడిగి, ఆరు బోల్టుల బ్రేకు డిస్కయితే దాని కింద ఇంకో 5 మిల్లీమీటర్ల బిళ్ళ వేసి, పొడుగు బోల్టులు బిగిస్తే చక్రం కూర్చుంటుంది. లేదా పదీ బ్రేకు లేని వైపే వేసి, బెండు తీసే మనిషి చేత స్పోకులు సర్దించి రిమ్మును మధ్యకి లాగించాలి.

9 ఇరుసు హబ్బు 15కి మారాలంటే మాత్రం సీల్డ్ బేరింగులుండి, చివరి మూతలు మార్చుకునే రకమై ఉండాలి. హోప్ ప్రో 2 అలాంటిదే. కోన్లూ బాల్సూ ఉన్న మామూలు హబ్బు మారదు. అక్కడ దుకాణదారు చెప్పిందే రైటు. లేతు మీద చవగ్గా తిప్పించిన స్పేసర్లనీ నేను సమర్థించను. కొలత కాస్త తప్పినా డిస్కు రాసుకుంటుంది. ఆరావళి రాళ్ళమీద ముందు చక్రంతో ప్రయోగాలు పళ్ళకి మంచివి కావు.

విడి సామాను సంగతికొస్తే, సోనీపట్‌లో 1951లో పుట్టిన అట్లాస్ సైకిలుని చూడండి. ముందు 32, వెనక 40 స్పోకులు. ఏ కంపెనీ నల్ల సైకిలుకైనా అదే లెక్క. అట్లాస్ వారి సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, మూతపడింది. అయినా ఆ సైకిలుకి సామాను దొరక్క మూలన పడేసినవాళ్ళు నాకు తగల్లేదు. దానికి ఎన్నో రెట్లు ధర పెట్టి కొన్న బైకుకి రెండు మూతలు దొరకవు!

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై కమిటీ వేసినప్పుడు వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, మోటారు వాహనాలను ఎంచుకుంది. సైకిలు ఊసు లేదు. ఆ జాబితాలో సైకిలునీ చేర్చాలి. హబ్బు వెడల్పు, ఇరుసు కొలత బిల్లుమీద రాయాలి. ఫోర్కులు దిగుమతి చేసుకునేవాళ్ళు వాటికి సరిపడే మూతలు, స్పేసర్లు కూడా తెప్పించి, ధర వేసి అమ్మాలి.

— ఒక పాఠకుడు, ఫరీదాబాద్