యాల్టాలో తేలని మాట, వళివడేలో మిగిలిన మనుషులు



మన గ్రూపులో అమెరికా, రష్యా వాదన మళ్లీ రాజుకుంది. పెద్దల్లో కొందరు అమెరికాయే కయ్యానికి కాలు దువ్విందంటారు. కుర్రవాళ్లు, స్టాలిన్ ఒక్కో దేశాన్నీ మింగుతుంటే ఊరుకోవాలా అంటారు. కమ్యూనిజానికీ పెట్టుబడిదారీ విధానానికీ పడదు కాబట్టి ప్రచ్ఛన్న యుద్ధం వచ్చి తీరేదేనన్న మాట మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు. మేము ఒప్పుకోనిది ఆ మాటనే. 1917 నుంచీ పడని వాళ్లే 1941 నుంచి 1945 దాకా ఒక పక్షాన నిలబడి హిట్లర్‌ని ఓడించారు కదా! మా లెక్కలో వ్యవహారం చెడింది సిద్ధాంతం దగ్గర కాదు, పోలెండ్ దగ్గర.

1944 అక్టోబరులో చర్చిల్ మాస్కో వెళ్లి స్టాలిన్ ముందు ఓ అర కాగితం పెట్టాడు. రుమేనియాలో రష్యాకు 90 శాతం, గ్రీసులో బ్రిటన్‌కు 90 శాతం, యుగోస్లావియా, హంగరీ చెరిసగం. స్టాలిన్ నీలం పెన్సిలుతో టిక్కు పెట్టి కాగితం వెనక్కి తోశాడట. ఈ సంగతి చర్చిలే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడైనా గట్టు మీదికి వెళ్లి కొలుస్తారు, ఇక్కడ అదీ లేదు.

ఆ కాగితంలో పోలెండ్ లేదు. బ్రిటన్ 1939లో యుద్ధంలోకి దిగిందే పోలెండ్ కోసం. రష్యాకేమో 1812లో నెపోలియన్, 1941లో హిట్లర్ వచ్చిపడింది ఆ వైపు నుంచే. ఇద్దరికీ వదులుకోలేని దేశం అది.

అందుకే 1945 ఫిబ్రవరిలో యాల్టాలో రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్ కూర్చున్నప్పుడు ఎక్కువ పేచీ పోలెండ్ మీదే నడిచింది. అప్పటికే ఎర్రసైన్యం అక్కడ ఉంది. రష్యా నిలబెట్టిన ప్రభుత్వం ఒకటి, లండన్‌లో ప్రవాస ప్రభుత్వం ఇంకొకటి. చివరికి రాసుకున్నదేమిటంటే, ఉన్న ప్రభుత్వాన్ని మరింత ప్రజాస్వామికంగా విస్తరించాలి, వీలైనంత త్వరగా స్వేచ్ఛగా ఎన్నికలు జరపాలి. ఎవరెవర్ని చేర్చుకోవాలి, ఏ తేదీలోగా జరపాలి, జరపకపోతే ఏమిటి? ఏదీ లేదు. ఈ మాటలు రబ్బరులా ఎంత లాగితే అంత సాగుతాయని అమెరికా అడ్మిరల్ లేహీ రూజ్‌వెల్ట్‌తో అక్కడే అన్నాడు. ‘త్వరలో’ అని రాసిన తీర్మానం గతి ఏమవుతుందో మన మినిట్సు పుస్తకం తిరగేసినవాళ్లకు వేరే చెప్పాలా!

ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ పోయాడు. పదకొండు రోజులకే ట్రూమన్ రష్యా మంత్రి మొలొటోవ్‌ని నిలదీశాడు, అదీ పోలెండ్ విషయంలోనే. తర్వాతి అణుబాంబు, 1946 ఫుల్టన్ ప్రసంగం, 1947 ట్రూమన్ సిద్ధాంతం అందరికీ తెలిసినవే. పాఠ్యపుస్తకాలు కథ మొదలుపెట్టేది అక్కడే, మా దృష్టిలో అప్పటికి సగం కథ అయిపోయింది.

రష్యా భయం ఉత్తదని మేము అనం. ఆ యుద్ధంలో దాదాపు 2 కోట్ల 70 లక్షల మందిని పోగొట్టుకున్న దేశం అది. కానీ దొంగల భయం ఉందని పక్కింటివాణ్ణి కట్టేస్తామా? 1940లో కతిన్‌లోనూ మరికొన్ని చోట్లా దాదాపు 22,000 మంది పోలిష్ సైనికాధికారుల్నీ ఖైదీల్నీ స్టాలిన్ పోలీసులు కాల్చి చంపారు. 1990 దాకా మాస్కో ఆ సంగతి ఒప్పుకోలేదు. యాల్టాలో మాటిచ్చిన ఎన్నికలు 1947 జనవరిలో జరిగాయి, అరెస్టులతో, బెదిరింపులతో, దొంగ లెక్కలతో. ప్రతిపక్ష నాయకుడు మికొవాయ్‌చిక్ ఆ ఏడే దేశం విడిచి పారిపోయాడు.

అలాగని పశ్చిమ దేశాల చేతులు శుభ్రం కావు. పోలెండ్ తూర్పు భాగాన్ని రష్యాకిచ్చేసి, బదులుగా జర్మనీ భూమి ఇప్పించడానికి వాళ్లూ తలూపారు. పోలెండ్ జనాన్ని ఎవరూ అడగలేదు.

మహారాష్ట్రలోని మన సభ్యులకు దీని సాక్ష్యం దగ్గర్లోనే ఉంది. కొల్హాపూర్ పక్కన వళివడేలో 1943 నుంచి దాదాపు 5,000 మంది పోలెండ్ శరణార్థులు ఉన్నారు, ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. 1940, 41లలో స్టాలిన్ తూర్పు పోలెండ్ నుంచి సైబీరియా వైపు తరలించిన కుటుంబాలవి. ఇరాన్ మీదుగా ఇక్కడికి చేరి, బడులూ చర్చీ పెట్టుకుని, యుద్ధం అయితే ఇంటికి పోదామని కూర్చున్నారు. యుద్ధం అయింది, వాళ్ల పక్షమే గెలిచింది. ఇంతలో వాళ్ల ఊళ్లు సోవియట్ యూనియన్‌లో కలిసిపోయాయి. 1945 జూలైలో బ్రిటన్, అమెరికా లండన్‌లోని పోలెండ్ ప్రభుత్వాన్ని గుర్తించడం మానేశాయి.

గీత అటు పడిందా ఇటు పడిందా అన్న బెంగ మనకు కొత్త కాదు. 1936లో బరంపురం, 1953లో బళ్లారి అలాగే అవతల పడ్డాయి. అయితే మనల్ని ఇళ్లలోంచి ఎవరూ వెళ్లగొట్టలేదు, పోలిక అక్కడితో ఆపాలి. వళివడే శిబిరం 1948కల్లా ఖాళీ అయింది. కొందరు కొత్త పోలెండ్‌కు వెళ్లారు, చాలామంది బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా, అమెరికాలకు ఓడలెక్కారు.

అమెరికాదా తప్పు, రష్యాదా అని ఈసారి గ్రూపులో రాసేవాళ్లు, ఆ ఓడలెక్కినవాళ్లకు ఏం జవాబు చెబుతారో కూడా రాయండి. చదువుతాం.