గృహవిజ్ఞానము: వెలుగని దీపమాలిక



ఇటీవల పెక్కిండ్లయందు పండుగలకు రంగుల ఎల్.ఇ.డి. దీపముల పట్టీలు కనుపట్టుచున్నవి. వీనిలో రెండు తెగలు కలవు. మొదటి తెగలో పట్టీ అంతయు ఒకేమారు ఒకే రంగు దాల్చును. రెండవ తెగలో ప్రతి దీపమునకును వేరుగ ఆజ్ఞ నీయవచ్చును; ఒకటి ఎఱ్ఱగను, దాని ప్రక్కది నీలముగను వెలుగును. ఈ రెండవ తెగ పట్టీ చెడినపుడు దోషమును కనుగొను విధమును ఈ నెల ముచ్చటింతము.

గత సంక్రాంతికి మా అమ్మాయి రెండు మీటర్ల పట్టీని అయిదు ముక్కలుగ కోసి, బొమ్మలకొలువు మెట్లకు ఒక్కొక్కటి అంటించి, ముక్కకును ముక్కకును నడుమ తీగలను తానే టంకముతో అతికినది. భోగినాటి సాయంకాలము పేరంటాండ్రు వచ్చు వేళకు రెండు మెట్లు వెలిగినవి. తక్కిన మూడును చీకటి. “చక్కగా ఉన్నదానిని కోయుట ఎందులకు?” అని నేను కసరితిని. అది మారుమాటాడక లోనికి పోయినది. మా అత్తగారు మాత్రము, “రెండు మెట్లు వెలిగించిన చేయి మూడవదానిని వెలిగింపలేదా? పిలువుము” అనిరి. పిలిచితిని. అటుపిమ్మట అది చేసిన పరీక్షలే నే నిక్కడ వ్రాయుచున్నాను.

ముందుగ దీని మర్మము తెలియవలెను. పట్టీలో మూడు దారులుండును. ఒకటి విద్యుత్తును తెచ్చును. ఒకటి దానిని తిరిగి కొనిపోవును. మూడవది ఆజ్ఞలను మోయును. విరివిగ దొరకు డబ్ల్యు.ఎస్. 2812బి జాతి పట్టీ అయిదు వోల్టులతో పనిచేయును. దాని ప్రతి దీపములోను ఒక చిన్న చిప్పు ఇమిడియుండి, వచ్చిన ఆజ్ఞలలో మొదటి 24 బిట్లను తా నుంచుకొని, తక్కినవానిని ప్రక్కదానికి అందించును. పంక్తిలో కూర్చున్నవారు విస్తళ్లకట్ట నందుకొని, పై ఆకును తాము తీసికొని, కట్టను ప్రక్కవారికి అందించినట్లే యిది. నడుమ ఒకరు అందింపనిచో ఆవలివారి కెవ్వరికిని ఆకు లేదు. కావున చీకటి మొదలైన చోటును మాత్రమే చూచిన చాలదు. కడపట వెలిగిన దీపమునుగూడ అనుమానింపవలెను.

ఇక పరీక్షలు. మొదటిది విద్యుత్తు. మల్టీమీటరుతో చీకటి మెట్టు వద్దనే వోల్టులు కొలువవలెను. నిండు తెలుపు వెలుగునపుడు ఒక్కొక్క దీపమునకు 60 మిల్లీ ఆంపియర్ల వరకు లెక్క వేయుదురు. మా 120 దీపములకు 7.2 ఆంపియర్లైనది, టెలిఫోను ఛార్జరు దీనికి చాలదు. చివరి దీపములు తెలుపునకు బదులు పసుపుగనో ఎఱ్ఱగనో కనబడినచో, అచటికి చేరునప్పటికి వోల్టులు తగ్గినవని గ్రహింపవలెను. నీలమునకును ఆకుపచ్చకును ఎఱుపుకంటె హెచ్చు వోల్టులు కావలెను గనుక అవియే ముందు మసకబారును. అట్టిచో అదే సరఫరానుండి లావు తీగలను పట్టీ రెండవ కొనకుగూడ కలుపవలెను.

రెండవది తిరుగుదారి. ఆజ్ఞల నిచ్చు పలకకును దీపములకును వేరు సరఫరాలున్నపుడు, రెండింటి ఋణపు తీగలను తప్పక ఒకటిగ కలుపవలెను. లేనిచో దీపములు పిచ్చిపట్టినట్లు మిణుకును.

మూడవది దిక్కు. పట్టీపై బాణపు గుర్తులుండును. ఆజ్ఞలు ఆ వైపే పోవును గాని వెనుకకు పోవు. కోసిన ముక్క తలక్రిందులగుట మిక్కిలి సులభము.

నాలుగవది ఆజ్ఞ బలము. కొన్ని పలకలు 3.3 వోల్టులతోనే ఆజ్ఞ నిచ్చును. అయిదు వోల్టుల దీపము సుమారు 3.5 వోల్టులను కోరును. అందుచే ఒకనాడు వెలిగి మరునాడు మొరాయించును. నడుమ వోల్టులను పెంచు చిన్న చిప్పు నుంచుటయు, ఆజ్ఞ తీగను పొట్టిగ నుంచుటయు దీనికి మందు.

మా మూడవ మెట్టు వద్ద అయిదు వోల్టులును సరిగనే ఉన్నవి, బాణములును సరియే. కనుక లోపము ఆజ్ఞలదారిలోనిదని తేలినది. అమ్మాయి పలకనుండి ఒక తీగను నేరుగ మూడవ మెట్టు మొదటికి తాకించినది. మూడు మెట్లును ఒక్కసారిగ వెలిగినవి! దీపములు చెడలేదన్నమాట. రెండవ మెట్టు కడపటి దీపము చెంత టంకము పైకి నున్నగ నున్నను, లోన తీగ అంటుకొనలేదు. స్విచ్చి తీసి, దానిని మరల అతికిన తోడనే అయిదు మెట్లును వెలిగినవి. చీకటి మూడవ మెట్టున కనబడినది. తప్పు రెండవ మెట్టున నున్నది.

జాగ్రత్తలు కొన్ని కలవు. స్విచ్చి తీయక ఏ అతుకును ముట్టరాదు. అయిదు వోల్టులు ఒంటికి హాని చేయకున్నను, ధన ఋణములు కలిసినచో తీగ కాలి దూదికిని కాగితపు బొమ్మలకును నిప్పంటుకొనవచ్చును. పండ్రెండు వోల్టుల సరఫరాను ఈ పట్టీకి తగిలించినచో దీపములు మాడిపోవును. గోడనుండి వచ్చు 230 వోల్టుల భాగమును విప్పుట మన పని కాదు, తెలిసినవారికే విడువవలెను.

ఆనాడు పేరంటాండ్రకు వాయినము లిచ్చునపుడు మా అత్తగారు, “ఈ దీపములు మా మనుమరాలు పెట్టినవి” అని ప్రతివారితోను చెప్పిరి. నేను కసరిన మాటను గూర్చి అమ్మాయి మరల ఎత్తలేదు. నేనే ఎత్తి, తొందరపడితినని ఒప్పుకొంటిని. మీ యింట పట్టీ వెలుగనిచో దానిని పారవేయుటకును, అతికినవారిని నిందించుటకును ముందు, కడపట వెలిగిన దీపము చెంత ఒక అరగంట కూర్చుండుడు.