ఎద్దు ముఖం, మనిషి ముఖం

ఈసారి కెమెరా ముచ్చట. ఆఖరిదాకా చదవుండ్రి, ఇది కెమెరా ముచ్చట ఒక్కటే కాదు.

మా సిరికొండ దిక్కు పశువుల ప్రదర్శనకు పోయిన. చేతిలో పాత ఫిల్మ్ కెమెరా, అండ్ల 400 స్పీడ్ బ్లాక్ అండ్ వైట్ రీలు. 36 ఫోటోలు, అంతే. ఫోన్ లెక్క వందలు తీసుడు కుదరది. ఎవరిని తియ్యాలె, ఎవరిని ఇడిచిపెట్టాలె అని ప్రతిసారి ఆలోచించాల్సి వస్తది.

రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని ఎడ్లను వరుసగా నిలబెట్టిండ్రు. కొమ్ములకు రంగులు, మెడల గజ్జెలు. తెల్లటి ఒంగోలు ఎద్దు ఒకటి, పగ్గం పట్టుకోని ఒక పెద్దమనిషి. జీతం ఉన్నోడు. ఎద్దుకు కుడితి వెట్టుడు, కడుగుడు, రాత్రి పక్కన పండుడు అంతా ఆయనే. బహుమతి ఫోటో టైముకు ఓనర్ వచ్చిండు, పగ్గం అందుకున్నడు. ఈయన రెండడుగులు ఎనుకకు జరిగిండు. జరుగుమని ఎవరూ అనలే. అలవాటది.

ఇగ కెమెరా సంగతి. అండ్ల మీటరు ఉంటది. లోకమంతా 18 శాతం బూడిద రంగని అది అనుకుంటది. బర్రెను చూపిస్తే వెలుగు ఎక్కువ చెయ్యిమంటది, నల్ల బర్రె బూడిదదైతది. తెల్ల ఎద్దును చూపిస్తే వెలుగు తక్కువ చెయ్యిమంటది. అప్పుడు పక్కన పగ్గం పట్టుకున్న నల్ల మనిషి ముఖం ఉత్త మచ్చ. కండ్లుండవు, ముక్కుండది. నా మొదటి నాలుగు ఫోటోలు గట్లనే పాడైనయి. తప్పు నాదే, మీటరు చెప్పినట్టు ఇన్న.

యంత్రానికి కులమేంది అంటరా? కొడక్ కలర్ ఫిల్మ్ ఏండ్ల తరబడి తెల్ల చర్మాన్నే కొలతగా పెట్టుకున్నది. నల్లోళ్ల ముఖాలు సక్కగ వస్తలేవంటే కదలలేదు. చాక్లెట్ కంపెనీలు, చెక్క ఫర్నిచర్ కంపెనీలు మా సరుకు సక్కగ పడ్తలేదన్నంక కదిలింది. గోల్డ్ ఫిల్మ్ తెచ్చినప్పుడు, తక్కువ వెలుతురుల నల్ల గుర్రాన్ని గూడ వివరంగ పడ్తదని చెప్పుకున్నది. గుర్రమట! మనిషి అననీకి నోరు రాలే.

బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌కు ఒక గుణమున్నది. నీడకు సరిపోను వెలుగియ్యి, తెలుపును కడిగేటప్పుడు సంభాళించుకో అని పాత ఫోటోగ్రాఫర్లు చెప్తరు. మనిషి ముఖాన్ని కొలిచి తీస్తే ఎద్దు గూడ వస్తది, మూపురం మీది ముడత గూడ పోదు. ఇద్దరికీ జాగున్నది ఆ ఫిల్మ్‌ల. గందుకే "టెక్నికల్‌గా కష్టం బ్రదర్" అనేటోళ్ల మాట నేను ఇనను.

ఇంకో రకపోళ్లున్నరు. పట్నం నుంచి వచ్చి ముసలోళ్ల ముడతలు, పగిలిన కాళ్లు తీసి గోడలకు వేలాడదీస్తరు. పేరు రాయరు. అది గూడ నాకొద్దు.

పశువు పక్కన మనోళ్లు ఈ దేశమంతటికీ కనబడ్డది ఎప్పుడు? 2016 జూలైల, గుజరాత్ ఊనాల. చచ్చిన ఆవు తోలు తీసిండ్రని పిలగాండ్లను కారుకు కట్టి కొట్టిండ్రు. ఆ వీడియో కొట్టినోళ్లే తీసి ఊరంతా తిప్పిండ్రు. చచ్చిన పశువు మనది, బతికున్న పశువు ఫోటో వాళ్లది.

నా అడుగుడు చిన్నదే. ప్రదర్శన కాయితంల పశువు జాతి, పండ్లు, యజమాని పేరు రాస్తరు గదా, కింద సాకినోని పేరుకు ఒక గీత పెట్టుండ్రి. బహుమతి పైసల వాటా ఇయ్యుండ్రి. స్టేజీ మీదికి ఇద్దరినీ పిలువుండ్రి. విద్యార్థి సంఘాల తమ్ముళ్లు, చెల్లెండ్లు, మీ మండలంల ప్రదర్శన అయితే ఈ మాట ముందే పోయి అడుగుండ్రి. అయినంక పోస్టు పెడ్తే ఏం ఫాయిదా లేదు.

ఫోటో కడిగించి ఆయన ఇంటికి తీస్కపోయిన. ముందుగాల ఎద్దునే చూసుకున్నడు. "సుడి సక్కగ పడ్డది సారూ" అన్నడు. మాదే వాడ అని చెప్పినంక "కొడుకా" అన్నడు. తన ముఖం చూసుకోని నవ్విండు, భార్యను పిలిచి చూపెట్టిండు. నేను లేవంగ మెల్లగ అన్నడు: "పటేలుకు గూడ ఒకటియ్యి కొడుకా. గని అండ్ల నన్ను కోసెయ్యి."

ఆ కాపీ నేను ఇంకా ఇయ్యలే.